నాపరాళ్ల ట్రాలీకి ఏ స్పిండిల్? 50, 60, 65 సెట్ల బాగోగులు

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల పక్క ట్రాలీలు కట్టే షెడ్డులో "ఇది ఎన్ని టన్నుల ఇరుసు?" అని అడిగితే జవాబు ఠకీమని వస్తుంది. ఆ టన్నులు దేన్ని చూసి చెప్పారో మాత్రం తేలదు. మధ్యలో చదరపు కడ్డీ ఎంత లావున్నా, చివరికి బరువంతా మోసేది చక్రం బిగించే హబ్బులో దూరే గుండ్రటి కొస. అదే స్పిండిల్. హబ్బులో ట్రాలీ వైపు (లోపల) ఒకటి, బయట ఒకటి, రెండు టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. లోపలి బేరింగ్ కూర్చునే చోట 50, 60, 65 మిల్లీమీటర్లు ఉన్న మూడు సెట్ల మంచిచెడ్డలు ఇవి. వీటికి కంపెనీ పేరుతో పనిలేదు, బేరింగ్ నంబరే పేరు.

ఆ నంబరు చదవడం తేలిక. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 30210 అంటే 50, 32212 అంటే 60, 32213 అంటే 65. ముందున్న 302, 322 తేడా వెడల్పుది. 30210, 32210 రెండూ లోపల 50, బయట 90 కొలతలవే, కానీ మొదటిది 21.75, రెండోది 24.75 మిల్లీమీటర్ల మందం. కొట్టులో ఒకటి లేదని రెండోది తెచ్చి వేస్తే ఆ మూడు మిల్లీమీటర్ల తేడాకు హబ్బు బయటికి జరుగుతుంది. సీలు ఉండాల్సిన చోట ఉండదు, కొసన నట్టుకు మర చాలదు.

ముందు బరువు సంగతి. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకు ఆరు కేజీల పైచిలుకు తూగుతుంది. 800 అడుగులు ఎక్కిస్తే ఐదు టన్నులు. రెండు చక్రాల ట్రాలీ సొంత బరువు ఒకటిన్నర టన్ను కలిపి, అందులో ఐదో వంతు ట్రాక్టర్ హుక్కు మీద పడుతుందనుకున్నా చక్రానికి రెండున్నర టన్నులు దాటుతుంది. బండల్ని నిలబెట్టి ఒక పక్కకు వాల్చి పేరుస్తారు కాబట్టి ఆ పక్క చక్రానికి ఇంకా ఎక్కువే. ముగ్గురాయి (బెరైటీస్) తోలేవాళ్లు ఈ లెక్కను ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. చూపుకు ట్రాలీ సగమే నిండుతుంది, ఇరుసుకు మాత్రం నిండు లోడే.

చక్రానికి 2500 కేజీలు, టైరు నడిమి గీతకూ స్పిండిల్ మెట్టుకూ (చదరపు కడ్డీ గుండ్రటి కొసగా సన్నబడే చోటు) మధ్య దూరం 75 మిల్లీమీటర్లు అనుకుందాం. మెట్టు దగ్గర పడే వంపు ఒత్తిడి 50 సెట్టులో చదరపు మిల్లీమీటరుకు 15 కేజీలు, 60లో 9 లోపు, 65లో 7. గుంతలో దిగినప్పుడు ఇది రెట్టింపవుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 25 దగ్గర వంగిపోతుంది, ఇరుసులకు వాడే ఈఎన్-8 రకం ఉక్కు కొంచెం మెరుగు. అంటే 50 స్పిండిల్ నిలబడి ఉంటే నిబ్బరంగానే కనిపిస్తుంది, గని దారిలో ఒక్క గుంతకు 30 దాటుతుంది. పది మిల్లీమీటర్లకే ఇంత తేడా ఎందుకంటే బలం లావుతో పాటు మామూలుగా పెరగదు, లావు ఘనంతో పెరుగుతుంది. 50 నుంచి 60కి పోతే 1.7 రెట్లు, 65కి పోతే దాదాపు 2.2 రెట్లు.

అలాగని 50 సెట్టు పనికిరానిదేం కాదు. లోపల 30210, బయట 30207 వేసిన ఈ సెట్టు శనక్కాయ కట్టెకు, పశువుల మేతకు, మూడు టన్నుల లోపు చీనీకాయలకు హాయిగా సరిపోతుంది. తేలిక, చవక, బేరింగులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. బండల మాటే దీనితో వద్దు.

60 సెట్టు (32212, బయట 30209) ఇసుక, ఎరువు, ఇటుకలకు మంచిది. నున్నటి రోడ్డు మీద బండలకూ ఆగుతుంది. 65 చదరపు కడ్డీ నుంచి ఒకే ముక్కగా తీయగలిగే స్పిండిళ్లలో ఇదే పెద్దది, అంతకు మించితే మెట్టుకు చోటుండదు.

నాపరాళ్లకు కొనదగ్గది 65 సెట్టు, 32213తో పాటు బయట 32210. దీనికి 75 చదరపు కడ్డీ కావాలి. 65 కడ్డీకి 65 కొస అతికించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, బలం ఆ అతుకు దగ్గరే ఆగిపోతుంది. బేరింగ్ ఆయుష్షులో కూడా లాభం ఇక్కడే. టేపర్ రోలర్ బేరింగ్ మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, పదో వంతుకు పడిపోతుంది.

65 తెచ్చుకుని కూడా పాడుచేసుకునే పని ఒకటుంది: ట్రాలీ వెడల్పుగా నిలవాలని రిమ్మును తిరగేసి బిగించడం. టైరు గీత 75 నుంచి 125కు జరిగితే మెట్టు దగ్గర ఒత్తిడి 7 కాస్తా 11 దాటుతుంది, గుంతలో 23. పెద్ద స్పిండిల్‌కు పెట్టిన డబ్బులో చాలా భాగం అక్కడే పోయినట్టు. 50 సెట్టుకైతే కదలకుండా నిలబెట్టినా 25 దాటుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది మెట్టు మూల. లేత్ వాళ్లు దాన్ని కత్తిలా నిటారుగా కోస్తే పగులు అక్కడే మొదలవుతుంది. సన్నటి గుండ్రం ఉండాలి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర. మరీ ఎక్కువైతే బేరింగ్ కోను (స్పిండిల్ మీద కూర్చునే లోపలి రింగు) మెట్టుకు ఆనదు. వాడిన ఇరుసైతే కింది పక్క గుడ్డతో తుడిచి చూడండి. చక్రం స్పిండిల్‌ను పైకి నెడుతుంది కాబట్టి సాగేదీ, పగిలేదీ, అరిగేదీ కింది పక్కే. పైన నిగనిగలాడుతుంటే మోసపోకండి.

కోను చేత్తో తోస్తే ఎక్కాలి, ఊగకూడదు. 50 స్పిండిల్ మైక్రోమీటరులో 49.98 దగ్గర ఉండాలి. 49.90 చూపిస్తే కోను తిరిగి అరగదీసినట్టే. సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పించడం, వెల్డింగ్ నింపి మళ్లీ టర్నింగ్ చేయడం ఇక్కడ మామూలే. చుక్కల బిగువు కొన్ని ట్రిప్పులకే పోతుంది. వెల్డింగ్ నింపింది ఇంకా ప్రమాదం. ఈఎన్-8ను తగినంత వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే అంచు పెళుసుబారి, ఒకరోజు కొస తెగి చక్రం హబ్బుతో సహా ఊడిపోతుంది.

బిగించే తీరు: రోలర్ల మధ్యకు లిథియం ఏపీ-3 గ్రీసు చేత్తో నొక్కి పట్టించాలి, హబ్బు లోపల సగం మించకూడదు. చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత చక్రం కదల్చకుండా నట్టు వదులు చేసి, వేళ్లతో మాత్రమే బిగించి, పిన్ను రంధ్రం కలవకపోతే వెనక్కే తిప్పి పిన్ను వేయండి. ముందుకు తిప్పి కలిపితే బేరింగ్ బిగుసుకుని నీలంగా కాలిపోవచ్చు. మొదటి లోడు దింపాక హబ్బు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనకపోతే జాకీ ఎత్తి మళ్లీ విప్పాల్సిందే.

65 సెట్టుతో ఒక చిక్కు: బయటి బేరింగే 90 మిల్లీమీటర్లు కావడంతో హబ్బు ముక్కు లావుగా ఉంటుంది, పాత రిమ్ముల నడిమి రంధ్రంలో దూరకపోవచ్చు. బయానా ఇచ్చే ముందే రిమ్ము రంధ్రం కొలిచి తీసుకెళ్లండి.