జామోవి: ఆడ–మగ తేడా చూసే థీసిస్‌కు పనికొస్తుందా?

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం పీజీ డాక్టర్లు థీసిస్ డేటా పట్టుకుని స్టాటిస్టిక్స్ చేసిపెట్టేవాళ్ల చుట్టూ తిరిగే పనిని జామోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ చాలావరకు తప్పిస్తుంది. పూర్తిగా ఉచితం, లోపల నడిచేది ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాష. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకున్నా ఆగదు. డేటా, ఫలితాలు ఒకే ఫైల్లో ఉంటాయి కనుక గైడ్ తెరిచి ఏ టెస్టు ఎలా నడిపారో చూడొచ్చు.

అయితే ఫిల్టర్ పెట్టి మగవాళ్లకొకసారి, ఆడవాళ్లకొకసారి టీ-టెస్టు (రెండు గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష) నడపడం ఇందులో మరీ సులువు. అసలు ప్రమాదం అదే. ఉదాహరణకు ఒక మందు మగవాళ్లలో బీపీని 8 పాయింట్లు, ఆడవాళ్లలో 4 పాయింట్లు తగ్గించిందనుకోండి, రెండు చోట్లా స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) 3. మగవాళ్లకు పి విలువ 0.008, ఆడవాళ్లకు 0.18 (మామూలుగా 0.05 కంటే తక్కువైతేనే ప్రభావం ఉన్నట్టు లెక్కిస్తారు). వెంటనే ‘మందు మగవాళ్లకే పనిచేస్తుంది’ అని రాసేస్తారు. కానీ ఆ రెండింటి మధ్య తేడా 4, దాని స్టాండర్డ్ ఎర్రర్ 4.24, పి విలువ సుమారు 0.35. తేడా ఉందని చెప్పడానికి ఆధారమే లేదు. ఇదే పొరపాటు అచ్చయిన పేపర్లలోనూ తరచుగా ఉందని 2021లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది.

సరైన దారి: లీనియర్ రిగ్రెషన్ అనే విశ్లేషణలో మందు, సెక్స్ రెండూ ఫ్యాక్టర్స్‌ పెట్టెలో వేసి, మోడల్ బిల్డర్ విభాగంలో రెండింటినీ కలిపి ఇంటరాక్షన్ (మందు ప్రభావం ఆడ–మగలో వేరుగా ఉందా అని చూసే పదం) చేర్చండి. అది దానంతటది రాదు. గ్రూపుల సగటులను పోల్చే అనోవా విశ్లేషణలో మాత్రం వస్తుంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌కు (అసలు విలువ ఉండగల పరిధికి) టిక్ పెట్టడం మరవొద్దు. ఇంటరాక్షన్ ఉన్నప్పుడు మందు వరసలో కనిపించే అంకె రిఫరెన్స్ లెవెల్‌గా (పోలికకు ఆధారంగా) ఉన్న సెక్స్‌కు మాత్రమే చెందుతుంది. దాన్ని అందరికీ వర్తించే ఫలితంగా రాయకండి.

ఎక్సెల్ నుంచి తెచ్చేముందు సెక్స్ కాలమ్ చూసుకోండి. ‘ఎం’ ఒకచోట, ‘మేల్’ ఇంకోచోట ఉంటే రెండు వేర్వేరు గ్రూపులవుతాయి. రక్తహీనత డేటా అయితే మగవాళ్లకు 13, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 గ్రాముల హిమోగ్లోబిన్ (డెసీలీటరు రక్తానికి) కటాఫ్ విడిగా పెట్టాలి. అందరికీ ఒకటే పెడితే వచ్చే తేడా సగం మీరు గీసిన గీతదే.

జామోవికి ఉన్న పెద్ద లోటు: ఇంటరాక్షన్‌కు డేటా చాలదని హెచ్చరించదు. అంతే పరిమాణంలో ఉన్న మందు ప్రభావాన్ని పట్టడానికి కావలసిన రోగుల కంటే, ఆడ–మగ తేడాను పట్టడానికి నాలుగింతలు కావాలి. ఈ లెక్క ప్రోటోకాల్ రాసేటప్పుడే వేసుకోవాలి. డేటా వచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ ఆ రోగులను తెచ్చివ్వలేదు.