కిర్గిజ్‌స్తాన్‌లో ఆరేళ్లు: చవక ప్రయాణం ఎంతవరకు చవక?

రాజధాని బిష్కెక్ పడమటి బస్టాండు ముందు తెల్లటి స్ప్రింటర్ వ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి. ముందు అద్దం మీద ఊరి పేరు రాసిన అట్టముక్క ఉంటుంది. టైమ్ టేబుల్ లాంటిదేమీ లేదు, బండి నిండితే కదులుతుంది. 2018 అక్టోబరులో మొదటిసారి కరకోల్ వెళ్లడానికి నేను ఎక్కినప్పుడు రెండు సీట్లు ఖాళీ. ఆ రెండు సీట్ల కోసం గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. డ్రైవరు కింద నిలబడి "కరకోల్, కరకోల్" అని అరుస్తుంటే ఖమ్మంలో షేర్ ఆటోవాళ్లు గుర్తొచ్చారు. పక్కనున్న ముసలావిడ సంచిలోంచి గుండ్రటి రొట్టె తీసి, విరిచి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. నేను దాన్ని బోర్లా ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ వెంటనే తిప్పి పెట్టింది. అక్కడ రొట్టె బోర్లించడం తప్పు, మన దగ్గర అన్నం కంచానికి కాలు తగిలించడం లాంటిది.

నేను ఎంబీబీఎస్ కోసం వెళ్లి 2024 దాకా ఉన్నాను. కరోనా రోజుల్లో ఇంటి దగ్గర ఆన్‌లైన్ క్లాసులు విన్న కాలం తీసేస్తే, దొరికిన ప్రతి సెలవుకీ ఏదో ఒక మూలకి పోయాను. తిరిగొచ్చాక తెలిసినవాళ్లు అడిగేది ఒకటే: నిజంగా అంత చవకా? వీడియోల్లో చూపించినంత బాగుంటుందా? రెండో ప్రశ్నకి జవాబు తేలిక, బాగుంటుంది. మొదటిదానికే కొంచెం చెప్పాలి.

వాళ్ల డబ్బు సోమూ మన రూపాయీ దాదాపు సమానం. నేను వెళ్లిన ఏడాదీ అంతే, వచ్చేసిన ఏడాదీ అంతే. మనసులో లెక్క కట్టుకునే బాధ లేదు, బోర్డు మీద ఎంత ఉంటే మన జేబులోంచి అంత. నేనున్న రోజుల్లో బిష్కెక్ హాస్టల్లో మంచం ఐదారు వందలు. పల్లెల్లో ఇంట్లోనే గది ఇచ్చి పొద్దున టిఫిన్ పెట్టేచోట నా మొదటి ఏడాది ఏడొందలు ఇచ్చాను, చివర్లో అదే ఇంటికి పన్నెండొందలు అయింది. ఊళ్ల మధ్య తిరుగుతూ మామూలుగా తింటే అప్పట్లో రోజుకి రెండు వేలలో బయటపడేవాణ్ణి. ఢిల్లీ నుంచి విమానం మూడు గంటల పైచిలుకు, ఈ-వీసా ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు.

చిక్కంతా తారు రోడ్డు అయిపోయిన దగ్గర మొదలవుతుంది. బిష్కెక్ నుంచి కరకోల్ దాదాపు 400 కిలోమీటర్లు, 2023లో వ్యాన్‌కి ఐదొందల చిల్లర ఇచ్చాను. కరకోల్ పక్కనే కొండల్లో ఆల్తిన్ అరాషాన్ వేడినీటి ఊటలున్నాయి. అక్కడికి దారి పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూ, జీపువాడు అడిగేది మాత్రం వేలల్లో. మొదట మోసం అనుకుని పోట్లాడాను. ఒకసారి ఎక్కాక నోరు మూతపడింది. దాన్ని దారి అనడమే ఎక్కువ, పక్కన ఏరు పారుతుంటే బండెడు రాళ్ల మీంచి ఎక్కడమే. పాత సోవియట్ ఉవాజ్ వ్యాన్, రొట్టె ఆకారంలో ఉంటుంది కాబట్టి వాళ్లు దాన్ని బుఖాంకా అంటారు, ఒక్కో గుంటలో దిగి లేస్తుంటే తల పైకప్పుకి కొట్టుకుంటుంది. పైన స్థిరంగా ఊరు ఉండదు, కాబట్టి వ్యాన్ సర్వీసు ఉండదు. దింపేసి ఖాళీగా దిగి రావాలి, అందుకే రెండు వైపుల డబ్బూ మన దగ్గరే తీసుకుంటాడు.

ఈ ఒక్క విషయం తెలియక బడ్జెట్ తలకిందులైనవాళ్లని చాలామందిని చూశాను. సోన్ కూల్ సరస్సు అంతే. అప్పట్లో బిష్కెక్ నుంచి కొచ్కోర్ అనే ఊరి దాకా మూడు, నాలుగు వందలు. అక్కడి నుంచి సరస్సు దాకా టాక్సీ మొత్తం మాట్లాడుకుంటే ఐదారు వేలు అయ్యేది. నలుగురైతే పర్లేదు. ఒంటరిగా వెళ్తే కొచ్కోర్‌లో ఒక రోజు ఆగి మనుషుల్ని వెతుక్కోవాలి. నేను నాలుగుసార్లు వెళ్తే మూడుసార్లు ఇలాగే దొరికారు. నాలుగోసారి వర్షంలో రెండు రోజులు ఎదురుచూసి, ఎవరూ రాక, బిష్కెక్ తిరుగు వ్యాన్ ఎక్కాను.

కొచ్కోర్‌లో ముందుగా సీబీటీ ఆఫీసుకి వెళ్లడం మంచిది. పల్లెవాళ్లే ఇళ్లూ గుడారాలూ గుర్రాలూ అద్దెకిచ్చే ఏర్పాటు ఇది, స్విట్జర్లాండ్ సంస్థ హెల్వెటాస్ సాయంతో 2000 తర్వాత ఊరూరా నిలదొక్కుకుంది. ధరల పట్టిక ఉంటుంది, బేరం లేదు. బేరం ఆడకపోతే తిన్నది అరగని నాలాంటివాడికి మొదట్లో వెలితిగా ఉండేది. రష్యన్ సరిగా రాని రోజుల్లో మాత్రం ఆ పట్టికే నన్ను కాపాడింది.

సోన్ కూల్ గురించి ఎక్కువ చెప్తాను, నా ఆరేళ్లలో అంత నచ్చిన చోటు ఇంకోటి లేదు. 3,016 మీటర్ల ఎత్తున ఉంటుంది. చెట్టన్నది కనపడదు, చుట్టూ గడ్డి, నీళ్లు, గుర్రాల మందలు. జూన్‌లో కుటుంబాలు మందల్ని తోలుకుని పైకి వచ్చి గుడారాలు వేస్తాయి, సెప్టెంబరులో విప్పుకుని దిగిపోతాయి. ఆ వేసవి మేత మైదానాన్ని జైలూ అంటారు, గుడారాన్ని బోజ్ ఉయ్ అంటారు. మనవాళ్లు యర్ట్ అనే అంటారనుకోండి. లోపల కింద రంగురంగుల ఉన్ని తివాచీలు, మధ్యలో ఇనప పొయ్యి. పొయ్యిలో వేసేది ఏమిటో చూసి పెద్దగా నవ్వాను: పిడకలు! మా నాయనమ్మ గోడకి కొట్టినట్టు గుండ్రంగా కాదు, పేడను ఇటుకల్లా కోసి ఎండబెట్టినవి. ఆ వాసన తగలగానే వేల కిలోమీటర్ల అవతల భోగి పొద్దు గుర్తొచ్చింది.

జూలైలోనైనా రాత్రి చలి ఎముకల్లోకి దిగుతుంది. పొయ్యి రెండు గంటలకి ఆరిపోతుంది, తర్వాత కప్పుకున్న మూడు బొంతలే గతి. మరుగుదొడ్డి యాభై అడుగుల దూరంలో, రేకు గది, కింద గొయ్యి. అర్ధరాత్రి కుక్కలు. తలనొప్పి గురించి కూడా చెప్పాలి. బిష్కెక్ దాదాపు 800 మీటర్ల ఎత్తు, పొద్దున అక్కడ బయల్దేరి సాయంత్రానికి మూడు వేల మీటర్లు ఎక్కితే ఒళ్లు ఊరుకోదు. వైద్యం చదువుతున్నవాణ్ణే, అయినా మొదటిసారి రాత్రంతా కక్కుతూ కూర్చున్నాను. కొచ్కోర్‌లోనో, గుర్రాలు మాట్లాడుకునే కిజార్ట్ పల్లెలోనో ఒక రాత్రి ఆగి పైకి ఎక్కండి. కిజార్ట్ నుంచి గుర్రం మీద వెళ్తే దారి ఇంకా బాగుంటుంది. కాకపోతే మర్నాడు కూర్చోవడం కష్టం, ఎక్కడ ఒరుసుకుపోతుందో చెప్పక్కర్లేదు.

ఇక తిండి. శాకాహారులకి ఇది గట్టి పరీక్ష. గొర్రె, గొడ్డు, గుర్రం మాంసాలు లేని భోజనం పల్లెల్లో అరుదు. "మాంసం వద్దు" అంటే ముక్కలు ఏరేసి అదే పులుసు పెట్టినవాళ్లున్నారు, పాపం వాళ్ల ఉద్దేశం మంచిదే. గుడ్డు, రొట్టె, మీగడ, జామ్, దోసకాయ, టమాటా, వీటితో బతకగలిగితే ఇబ్బంది లేదు. నాకు నచ్చినవి రెండు. కరకోల్‌లో దుంగన్లు (ఎప్పుడో చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లింలు) చేసే అష్లాన్ ఫూ, చల్లటి నూడుల్స్‌లో పుల్లగా కారంగా రసం పోసి ఇస్తారు. ఆ దేశంలో మన నాలుకకి తగిన కారం దొరికేది అక్కడే. రెండోది మక్సిమ్. వేసవిలో బిష్కెక్ వీధుల్లో పీపాల్లో పెట్టి అమ్ముతారు, వేయించిన ధాన్యంతో కాచి పులియబెట్టింది. తాగి చూస్తే అచ్చం అంబలి, ఉల్లిపాయ ముక్క ఒక్కటే తక్కువ. గుర్రం పాలు పులియబెట్టిన కుమిస్ మాత్రం ఆరేళ్లయినా నాకు మింగుడు పడలేదు. వాళ్లు పోస్తే వద్దనకుండా ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టడం నేర్చుకున్నాను.

మనుషులతో కలవడానికి రష్యన్ వంద మాటలు, కిర్గిజ్ పది మాటలు చాలు. డ్రైవర్‌ని బైకే అని పిలవాలి, అంటే అన్న. ఇంటావిడ కాస్త పెద్దదైతే ఎజే, అక్క. పేరు తెలియనివాళ్లని వరస పెట్టి పిలవడం మనకి కొత్త కాదు కాబట్టి ఈ ఒక్క విషయంలో యూరప్ ప్రయాణికుల కంటే మనం ముందుంటాం. ఇండియా అనగానే ఒక వయసు దాటినవాళ్లు మిథున్ చక్రవర్తి పేరెత్తుతారు. పాడమంటారు కూడా.

నా చెత్త ప్రయాణం ఆలా కూల్ ట్రెక్. మూడు రోజుల నడక: కరకోల్ లోయలోంచి ఎక్కి, మూడున్నర వేల మీటర్ల ఎత్తున సరస్సు చూసి, దాదాపు 3,900 మీటర్ల కనుమ దాటి, ఆల్తిన్ అరాషాన్ వైపు దిగాలి. 2022లో పరీక్షలు అయిపోయాయన్న సంబరంలో జూన్ మధ్యలోనే పోయాం. టెంటూ స్లీపింగ్ బ్యాగులూ ఒక దుకాణంలో అద్దెకి తీసుకున్నాం, విప్పి చూసుకోలేదు. తప్పు మాదే సగం. మొదటి రాత్రి వానకి టెంటు కుట్ల దగ్గర కారింది, నా బ్యాగు జిప్పు సగంలో ఆగిపోయింది. రెండో రోజు సరస్సు దాకా వెళ్లాం, సగం ఇంకా గడ్డకట్టే ఉంది. కనుమ మీద మోకాలి లోతు మంచు. ఇద్దరు వెళ్దామన్నారు, ఇద్దరు వద్దన్నారు, వద్దన్నవాళ్లలో నేనొకణ్ణి. వెనక్కి దిగాం. ఆ ఇద్దరూ నాతో వారం రోజులు మాట్లాడలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో మళ్లీ వెళ్లి దాటాను. మంచు లేకపోయినా ఆవలి వైపు దిగడమే భయం, చిన్న రాళ్లన్నీ కాళ్ల కింద ఇసకలా జారిపోతుంటాయి. కర్ర లేకుండా దిగకండి. ఎత్తు ప్రదేశాల్లో ట్రెక్‌కి వర్తించే ఇన్సూరెన్స్ లేకుండా అసలు ఎక్కకండి.

దక్షిణం వైపు, ఓష్ దారి గురించి క్లుప్తంగా: షేర్ టాక్సీలో పది పన్నెండు గంటలు, మూడు వేల మీటర్లు దాటిన కనుమలు రెండు, మధ్యలో తొక్తోగుల్ జలాశయం దగ్గర రోడ్డు పక్కన తేనె. ఓష్‌లో ఊరి నడుమ సులైమాన్ తూ కొండ ఉంది, 2009లో యునెస్కో జాబితాలో చేరింది. ఒక రోజు చాలు. చైనా సరిహద్దు దగ్గరి కోల్ సూ సరస్సుకి మాత్రం ముందే పర్మిట్ కావాలి. ఒక ఏజెంటు నా డబ్బు తీసుకుని, కాగితం నా సెలవులు అయిపోయాక చేతిలో పెట్టాడు. ఆ సరస్సు నాకు ఇంకా బాకీ.

ఇప్పుడు అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో విదేశీ విద్యార్థులుండే హాస్టళ్ల మీద గుంపులు దాడి చేశాయి. అప్పుడు నేను చివరి సంవత్సరంలో ఉన్నాను. లైట్లు తీసేసి, తలుపుకి మంచం అడ్డం పెట్టి, ఇంట్లోవాళ్లకి "మేం బాగానే ఉన్నాం" అని మెసేజ్‌లు పెడుతూ తెల్లవార్లూ కూర్చున్నాం. గది బయటికి రావద్దని ఎంబసీ చెప్పింది. మూడు రోజులు మాకు కింది అంతస్తులో ఉండే ఎజేనే రొట్టే పాలూ తెచ్చిపెట్టింది. అదే ఊరు, అదే వారం. వేసవికి వచ్చే పర్యాటకుణ్ణి అలాంటిది తాకే అవకాశం తక్కువనే నా అభిప్రాయం, కొండల్లోనైతే నాకు ఏనాడూ భయం వేయలేదు. కానీ "వంద శాతం సేఫ్" అని రాసేవాళ్లతో నేను కలవలేను. బిష్కెక్‌లో రాత్రి పొద్దుపోయాక గుంపుగా తిరగకండి, తాగి ఉన్నవాళ్లతో మాట పెంచుకోకండి.

చలికాలం బిష్కెక్ కూడా వద్దు. బొగ్గు పొగకి ఊరంతా మసకబారుతుంది, గొంతు మండుతుంది. జూలై మొదటి నుంచి సెప్టెంబరు మధ్య దాకా వెళ్లండి. పన్నెండు రోజులుంటే మంచిది. వారం రోజుల సెలవుతో ఐదు చోట్లు చుట్టేద్దామనుకుంటే ప్యాకేజీ తీసుకోవడమే మేలు, ఆ వ్యాన్లు మీ తొందర కోసం ముందే కదలవు.

చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి, కరకోల్ దాటితే కార్డు పనిచేయడం అదృష్టం. మ్యాప్ ఫోన్లో ముందే దించుకోండి, సోన్ కూల్ దగ్గర సిగ్నల్ మాట మరిచిపోవచ్చు. ఉన్ని మేజోళ్లు మూడు జతలు. ఆవకాయ తప్పకుండా తీసుకెళ్లండి, ఆ రొట్టె మీద మీగడ రాసి దానిమీద వేసుకుంటే కొచ్కోర్ ఎజే కూడా రెండోసారి అడిగింది. కాకపోతే స్టీలు డబ్బాలో, మూతకి టేపు చుట్టి పెట్టుకోండి. ఎత్తు ఎక్కేకొద్దీ ప్లాస్టిక్ డబ్బా ఉబ్బి మూత లేచిపోతుంది. నా సొంత స్లీపింగ్ బ్యాగుని నాలుగుసార్లు ఉతికాను, ఇప్పటికీ ఆవపిండి వాసనే.