మినీ, కెర్నల్, ఆటోమేటిక్, కంప్లీట్: బ్లూ స్క్రీన్ వస్తే ఏ డంప్ మేలు?

పని మధ్యలో విండోస్ బ్లూ స్క్రీన్ కొట్టి రీస్టార్ట్ అయిపోయిందంటే, ఎందుకు పడిందో చెప్పగలిగేది ప్రధానంగా ఒక్కటే: పడిపోతూ పడిపోతూ అది డిస్క్ మీద రాసిపెట్టిన క్రాష్ డంప్, అంటే ఆ క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు, కొంతో మొత్తమో. (2025లో విండోస్ 11 ఆ తెరను నల్లగా మార్చేసింది గానీ, జనం నోట్లో అది ఇంకా బ్లూ స్క్రీనే.) సాయం అడిగినప్పుడల్లా వినిపించే సలహా ఒకటుంది: "మినీ డంప్ పెట్టుకోండి, చిన్నగా ఉంటుంది, పంపడం తేలిక." సలహా చెడ్డది కాదు, కానీ అనవసరం. ఆటోమేటిక్ అనే రకం పెట్టుకుంటే మినీ కూడా దాంతో పాటే వస్తుంది.

సెట్టింగ్ ఉన్న చోటు ముందు చెబుతాను. రన్ బాక్స్‌లో సిస్‌డీఎం డాట్ సీపీఎల్ అని కొట్టి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కాలి. అక్కడ రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్ అనే డ్రాప్‌డౌన్‌లో నన్ (డంప్ వద్దు), స్మాల్ (మనం మినీ అంటున్నది ఇదే), కెర్నల్, కంప్లీట్, ఆటోమేటిక్, యాక్టివ్ అని ఉంటాయి. ఎవరూ వేలు పెట్టకపోతే ఆటోమేటిక్ ఉంటుంది. అయినా ఒకసారి చూసుకోండి. స్పీడ్ పెంచుతామని చెప్పే కొన్ని టూల్స్ దీన్ని చడీచప్పుడు లేకుండా నన్ చేసేస్తాయి. రిజిస్ట్రీలో చూసే అలవాటున్నవాళ్లకు: క్రాష్‌కంట్రోల్ కీలో క్రాష్‌డంప్‌ఎనేబుల్డ్ విలువ 0 అయితే డంప్ లేదు, 1 కంప్లీట్, 2 కెర్నల్, 3 స్మాల్, 7 ఆటోమేటిక్.

ఇక మినీ సంగతి. సైజు 256 కేబీ అని డ్రాప్‌డౌన్‌లోనే రాసి ఉంటుంది. అందులో ఉండేవి స్టాప్ కోడ్ (ఏ రకం తప్పుకు ఆగిందో చెప్పే కోడ్), దాని నాలుగు పారామీటర్లు, అప్పటికి లోడైన డ్రైవర్ల జాబితా, కూలిన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్), థ్రెడ్‌ల (అందులోని పని వరుస) వివరాలు, ఆ థ్రెడ్ కెర్నల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో, ఏ దారిన వెళ్లి కూలిందో చూపే కాల్ స్టాక్. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫోల్డర్‌లో ఒక్కో క్రాష్‌కు ఒక్కో ఫైల్ పడుతుంది. పేరు 071924తో మొదలైతే ఆ క్రాష్ 2024 జులై 19నాటిదన్నమాట, ముందు నెల, తర్వాత తేదీ, చివర ఏడాది.

ఆ తేదీ ఊరికే తీసుకోలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ దెబ్బకు ఆ రోజు పడిపోయిన విండోస్ మెషీన్లు, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షలు. అలాంటి క్రాష్‌కైతే మినీయే ఎక్కువ. తప్పు చేసిన డ్రైవర్ తప్పు చేసిన చోటే కూలింది కాబట్టి కాల్ స్టాక్‌లో సీఎస్‌ఏజెంట్ అనే ఆ కంపెనీ డ్రైవర్ పేరు నేరుగా కనిపిస్తుంది.

అన్ని క్రాష్‌లూ ఇంత మర్యాదగా ఉండవు. ఒక డ్రైవర్ తనకు కేటాయించిన మెమరీ దాటి పక్కదాని చోటులో రాసేస్తుంది. అప్పటికప్పుడు ఏమీ కాదు. కాసేపటికి ఆ పక్క డ్రైవర్ తన డేటా కోసం వెళ్లి, అక్కడున్న చెత్త చదివి కూలుతుంది. కాల్ స్టాక్‌లో దొరికేది దెబ్బ తిన్నవాడి పేరు. కొట్టినవాడు ఎప్పుడో జారుకున్నాడు. మినీ డంప్‌ను విన్‌డీబీజీలో (డంప్‌లు చదివే మైక్రోసాఫ్ట్ టూల్‌లో) తెరిచి ఆ మెమరీ చుట్టుపక్కల ఏముందో చూడబోతే విలువలు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ మెమరీ ఫైల్‌లోకి రానేలేదు. అదే కెర్నల్ డంప్‌లోనైతే పూల్ కమాండ్ కొట్టి పక్కనున్న బ్లాక్ ఎవరిదో చూడొచ్చు. ఒక్కో బ్లాక్‌కు 4 అక్షరాల ట్యాగ్ ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆ మెమరీ అడిగిన డ్రైవర్ దాకా వెళ్లొచ్చు. నేరం రుజువైపోయిందని కాదు గానీ, అనుమానించడానికి ఒక పేరైనా దొరుకుతుంది.

మినీలను చదివే చిన్న ఫ్రీ టూల్స్‌లో నిందితుడి స్థానంలో తరచూ కనిపించే పేరు ఎన్‌టీఓఎస్‌కెఆర్‌ఎన్‌ఎల్. అది విండోస్ కెర్నలే. పాపం, చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు, తేడా వచ్చిందని కనిపెట్టి సిస్టమ్‌ను ఆపింది అదే కాబట్టి పేరు పడుతుంది. ఆ పేరు చూసి టెన్షన్ పడి విండోస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు. పాత డ్రైవరే మళ్లీ ఇన్‌స్టాల్ అవుతుంది, అదే బ్లూ స్క్రీన్ మళ్లీ వస్తుంది.

మినీకి ఉన్న నిజమైన బలం వేరే. ఫైళ్లు పోగవుతాయి కాబట్టి పాత క్రాష్‌లన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చు. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తే అనుమానం ఆ డ్రైవర్ మీదకు పోతుంది. స్టాప్ కోడ్, డ్రైవర్ రెండూ సారిసారికీ మారిపోతుంటే ర్యామ్‌ను పరీక్షించాలి. పెద్ద డంప్‌కు ఈ చరిత్ర ఉండదు. విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డాట్ డీఎంపీ పేరుతో ఒకటే ఫైల్ ఉంటుంది, కొత్తది వస్తే పాతదాని మీదే రాసేస్తుంది. అయితే ఆటోమేటిక్ పెట్టినా, కెర్నల్ పెట్టినా పక్కన మినీ కూడా పడుతుంది. అంటే స్మాల్ ఎంచుకుంటే కొత్తగా వచ్చేదేమీ లేదు, పెద్ద ఫైల్ పోవడం తప్ప. డిస్క్ మరీ కిక్కిరిసి ఉంటే తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

మరి కెర్నల్, ఆటోమేటిక్‌లలో ఏది? లోపలి సరుకు రెండింటిలోనూ ఒకటే. కెర్నల్ మెమరీ వస్తుంది, మామూలు ప్రోగ్రామ్‌ల మెమరీ రాదు. తేడా అంతా పేజింగ్ ఫైల్‌తో, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్‌తో. విండోస్ 8తో వచ్చిన ఆటోమేటిక్, పేజింగ్ ఫైల్ సైజును విండోస్‌కే వదిలేసిన చోట చిన్న ఫైల్‌తో మొదలుపెడుతుంది. ఎప్పుడైనా క్రాష్ వచ్చి, డంప్‌కు ఆ చోటు చాలకపోతే, ఆ తర్వాత 4 వారాల పాటు పేజింగ్ ఫైల్‌ను కనీసం ర్యామ్ అంత సైజుకు పెంచి ఉంచుతుంది. అంటే మొదటి డంప్ తప్పిపోయే ప్రమాదం ఉంది, రెండోది దొరుకుతుంది. ఏడాదికోసారి వచ్చే క్రాష్‌కు ఇది నష్టమే. పదేపదే పడే మెషీన్‌కు లెక్కే కాదు, మనం డంప్ కోసం వెతికేది కూడా అలాంటప్పుడే.

కంప్లీట్ అంటే ర్యామ్‌లో ఉన్నదంతా. 32 జీబీ ర్యామ్ ఉంటే డంప్ కూడా దాదాపు అంత ఉంటుంది, పేజింగ్ ఫైల్ అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి, రాసేంతసేపూ తెర ముందు కూర్చోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అప్పుడు తెరిచి ఉన్న ఉత్తరాలు, డాక్యుమెంట్లు, ఒక్కోసారి పాస్‌వర్డులు కూడా అందులో ఉంటాయి. అలాంటి ఫైల్‌ను ముక్కూమొహం తెలియనివాళ్లకు పంపడం తెలివైన పని కాదు. కెర్నల్ డంప్‌లో ఈ భయం తక్కువ, అసలు లేదనలేం. డ్రైవర్ రాసినవాళ్లో, నమ్మకమైన సపోర్ట్ ఇంజినీరో ప్రత్యేకంగా అడిగితే కంప్లీట్ పెట్టి, పని కాగానే వెనక్కి మార్చేయండి. యాక్టివ్ అనేది కంప్లీట్‌కు తమ్ముడు. వర్చువల్ మెషీన్ల మెమరీ లాంటి అక్కర్లేని పేజీలను వడగట్టేస్తుంది. వర్చువల్ మెషీన్లు నడపనివాళ్లకు దాంతో పెద్దగా పని పడదు.

ఏది ఎంచుకున్నా అసలు డంప్ పడాలి కదా. చాలామందికి ఇబ్బంది వచ్చేది ఇక్కడే. క్రాష్ అయిన క్షణంలో ఫైల్ సిస్టమ్‌ను నమ్మడానికి లేదు, అదే చెడిపోయి ఉండొచ్చు. అందుకే విండోస్, డిస్క్ మీద ఎక్కడుందో ముందే తెలిసిన పేజింగ్ ఫైల్ చోటులో నేరుగా రాసేసి, మళ్లీ బూట్ అయ్యాక దాన్ని మెమరీ డాట్ డీఎంపీగా మారుస్తుంది. ర్యామ్ బోలెడుంది కదా అని పేజింగ్ ఫైల్ ఆపేసినా, విండోస్ ఉన్న డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కు తరలించినా, డ్రాప్‌డౌన్‌లో ఏమున్నా ఉపయోగం ఉండదు. విండోస్ ఉన్న డ్రైవ్‌లో సిస్టమ్ మేనేజ్‌డ్ సైజ్ పెట్టి వదిలేయండి. అక్కడ చోటు లేకపోతే రిజిస్ట్రీలో డెడికేటెడ్‌డంప్‌ఫైల్ అనే విలువతో వేరే డ్రైవ్‌లో విడిగా ఫైల్ పెట్టుకోవచ్చు.

బ్లూ స్క్రీన్ మీద పెరిగే శాతం అంకె డంప్ ఎంతవరకు రాసిందో చెబుతుంది. 20 శాతం దగ్గర విసుగొచ్చి పవర్ బటన్ నొక్కితే డంప్ అక్కడితో సరి. స్టార్టప్ అండ్ రికవరీ డబ్బాలో ఉన్న ఆటోమేటికల్లీ రీస్టార్ట్ టిక్ తీసేస్తే స్టాప్ కోడ్ తీరిగ్గా రాసుకోవచ్చు, డంప్ మాత్రం టిక్ ఉన్నా లేకున్నా పడుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. డ్రైవ్‌లో ఖాళీ 25 జీబీ కంటే తక్కువుంటే, ఆఫీసు డొమైన్‌లో లేని డెస్క్‌టాప్‌లో విండోస్ మెమరీ డాట్ డీఎంపీని తనంతట తానే తీసేయొచ్చు. అలా వద్దనుకుంటే, డిస్క్ చోటు తగ్గినా డంప్‌లు తీసేయొద్దని చెప్పే చెక్‌బాక్స్ కూడా ఆ డబ్బాలోనే ఉంది. డిస్క్ క్లీనప్‌ కూడా డంప్‌లను ఊడ్చేయగలదు, కారణం తేలేదాకా అందులో సిస్టమ్ ఎర్రర్ మెమరీ డంప్ ఫైల్స్, సిస్టమ్ ఎర్రర్ మినీడంప్ ఫైల్స్ అనే రెండు వరుసల్లో టిక్ పెట్టకండి.

ఇంత చేసినా డంప్ కనిపించకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలో) సిస్టమ్ లాగ్ తెరవండి. బగ్‌చెక్ 1001 ఉంటే డంప్ పడింది, ఎక్కడ పడిందో దాన్లోనే రాసి ఉంటుంది. వోల్‌ఎంజీఆర్ 161 ఉంటే రాయబోయి విఫలమైంది, పేజింగ్ ఫైల్, డిస్క్ చూసుకోవాలి. కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉండి, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే విండోస్‌కు డంప్ రాసే వ్యవధి దక్కలేదన్నమాట. అప్పుడు డంప్ సెట్టింగులు పక్కన పెట్టి పవర్ సప్లై, వేడి, కేబుళ్లు చూసుకోండి.