మా ఇంటి డిజైనర్ గురించి, రెండు వానాకాలాలు గడిచాక

గృహప్రవేశం అయిన వారానికే నాలుగు మాటలు రాయమని ఆ అమ్మాయి అడిగింది. రాయలేదు. కోనసీమలో ఇల్లు ఎలా ఉందో తెలియాలంటే కార్తీకంలో ఒక వాయుగుండం వచ్చి వెళ్లాలి. ఇప్పుడు రెండు వానాకాలాలు చూశాం కాబట్టి రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర కాలువగట్టు ఊరు. 12 సెంట్ల స్థలం, అందులో మా మామగారి నాటి మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి వదిలిన పెంకుటిల్లు. దూలాలకు చెదలు పట్టాయి, పెంకులు జారిపోయాయి. ఇక బాగుచేయించి లాభం లేదని తేలాక ముగ్గురి చేత ప్లాన్లు గీయించాం. మూడూ ఒకటే: మధ్యలో హాలు, హాల్లో సోఫా, పట్టపగలు ట్యూబులైటు. అప్పుడు మా అబ్బాయి కాకినాడలో ఒక ఆర్కిటెక్ట్ అమ్మాయి దగ్గరకు తీసుకెళ్లాడు. ఫీజు కట్టుబడి ఖర్చులో 6 శాతం అనగానే మావారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

స్థలం చూడడానికి వచ్చిన రోజున ఆమె పడకగదులు ఎన్ని కావాలని అడగలేదు. "1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి టీచరుగారూ?" అని అడిగింది. ఆ ఆగస్టులో గోదావరి వరద ఎక్కడిదాకా ఎక్కిందో గుర్తుగా మామగారు పెరటి ద్వారబంధానికి మేకు కొట్టి ఉంచారు. చూపించాను. టేపు పెట్టి కొలుచుకుని, కొత్త ఇంటి గచ్చును ఆ మేకుకు అడుగు పైన పెట్టింది. ముందు అయిదు మెట్లు, పక్కనే 84 ఏళ్ల మా అత్తగారి కోసం వాలుదారి. ఆ ద్వారబంధాన్నే కొత్త ఇంటి పెరటి తలుపుకు వాడారు. మేకు ఇప్పుడు ఏ లెక్కకూ పనికిరాదు. అయినా పీకనివ్వలేదు.

ఇంటి నడుమ మళ్లీ మండువా పెట్టింది. చుట్టూ వసారా, గదులన్నీ దానిలోకే తెరుచుకుంటాయి. పెరటివైపు నాలుగు రెక్కల మడత తలుపులు. అవి తీస్తే అన్నాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు కొబ్బరితోట కంచం పక్కనే ఉన్నట్టుంటుంది. లోపలి వేడి మండువాలోంచి పైకి పోతుంటే తోటలోని గాలి ఇంట్లోకి వస్తుంది. మే నెలలో ఫ్యాను అక్కర్లేదని మాత్రం అనను, ఉక్క ఉక్కే. దోమల జాలీ ఆమె లెక్కలో లేదు. తర్వాత మేమే వేయించుకున్నాం.

రంగుల దగ్గర నేను తెలుపే కావాలని పట్టుబట్టాను. ఆమె వాదించలేదు. తోటవైపు గోడకు మూరెడేసి మేర నాలుగు రంగులు పూయించి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలవేళ చూడమని చెప్పి వెళ్లిపోయింది. తోట పచ్చదనం మీద పడి తెలుపు పాచి పట్టినట్టు కనిపించింది. దాని పక్కనే ముదురు పసుపు సాయంత్రానికి మిగలముగ్గిన తాటిపండులా ఉంది. అలా గోడలకు పసుపు, స్తంభాలకు ఇటుక ఎరుపు, తలుపులకు నెమలికంఠం రంగు కుదిరాయి. "బడి కడుతున్నారా టీచరుగారూ?" అని వీధి చివరావిడ అడిగింది. అడగనీయండి.

వసారాలో కారైకుడి వైపు నుంచి తెప్పించిన ఆత్తంగుడి పలకలు పరిచారు. గాజు మీద రంగు సిమెంటు పోసి, బట్టీలో కాల్చకుండా నీళ్లలో నానబెట్టి చేసే పలకలవి. తుడిచేకొద్దీ నిగనిగలాడతాయి. పులుపు పడితే మాత్రం తినేస్తుందని ఎవరూ చెప్పలేదు. నేను నిమ్మకాయలు పిండుతుంటే రసం ఒలికి, ఆకుపచ్చ పువ్వు మీద అరచేతి మేర తెల్లమచ్చ పడింది. ఊరగాయలు పెట్టే ఇంటికి వంటగది ముందు గ్రానైటు వేయాల్సింది.

అసలు పొరపాటు మండువాలో జరిగింది. మెట్ల మీద పిల్లలు కూర్చుంటారని రెండున్నర అడుగుల లోతు తవ్వించింది. పాత మండువా జానెడు కూడా ఉండేది కాదు. నీళ్లు పోయే తూమును ఇంటి వెనక బోదెలో, అంటే చిన్న పంటకాలువలో కలిపారు. "పంతులమ్మగారూ, బోదె నిండితే నీళ్లు ఇటే తంతాయండి" అని తాపీమేస్త్రీ నాతో అన్నాడు, ఆమెతోనూ అన్నాడు. ఆమె కంప్యూటర్‌లో వాలు చూపించింది. ఇంటిని మేకు పైకెత్తి, మండువాను మేకు కిందికి దించామని లెక్కల టీచరునై ఉండి నాకూ తట్టలేదు. మొదటి ఏడు వాయుగుండానికి రాత్రి రెండింటికి తూము బుడబుడమని, నీళ్లు కప్పతో సహా పైకి వచ్చాయి. మా మనవరాలికి పండగ. మిగతావాళ్లం బకెట్లు పట్టుకున్నాం.

ఫోను చేస్తే మూడోరోజున తడుస్తూ వచ్చింది. "మేస్త్రీగారి మాట వినాల్సిందండి" అని ఆయన ముందే అంది. గుంట పూడ్పించి అడుగు లోతుకు తెచ్చింది, తూముకు నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించింది. సామాను, కూలీ కలిపి 38,000 మాకే పడింది, తాను మాత్రం ఫీజు తీసుకోలేదు. నిరుడు బోదె గట్టు దాటినా మండువాలో వాననీళ్లే తప్ప బోదె నీళ్లు లేవు. అత్తగారి కుర్చీ వానాకాలమంతా దాని అంచునే ఉంది.

ఇల్లు చూసి ఆమె నంబరు అడిగేవాళ్లు చాలామందే వస్తున్నారు. ఇస్తున్నాను, మేస్త్రీ నంబరుతో కలిపి.