నడుముకు ఏ పిస్టల్ మేలు? గ్లాక్ 19, గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365, పొట్టి రివాల్వర్

చొక్కా కింద పిస్టల్ పెట్టుకోవాలనుకునే వాళ్లు తుపాకుల దుకాణానికి వెళ్లి ముందుగా అడిగేది "అన్నిటికన్నా చిన్నది చూపించండి" అనే. అలా కొన్నవి చాలావరకు సొరుగులోనే ఉండిపోతాయి. చిన్న పిస్టల్‌ను దాచడం సులువు, కాల్చడం కష్టం. పిడి మీద చిటికెనవేలికి చోటుండదు, బరువు తక్కువ కాబట్టి చేతిని గట్టిగా తంతుంది, మొదటి తూటా పోయాక గురి మళ్లీ కుదరడానికి ఆలస్యమవుతుంది. అలాంటిదాన్ని సాధన చేయాలంటేనే విసుగు పుడుతుంది. కాబట్టి మీ చొక్కా కింద ఇమిడేవాటిలో పెద్దదాన్ని ఎంచుకోవాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కొలతలకన్నా ముందు తేల్చుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే రాష్ట్ర వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కానీ ఆ ఒక్క కాగితాన్ని నమ్ముకుని నడుముకు పిస్టల్ కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఉద్యోగం, వీసా రెండూ. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. డీలర్ దగ్గర చేతితుపాకీ కొనడానికి 21 ఏళ్లు నిండాలి, ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు పత్రం నింపాలి. అందులో వీసా గురించి అడుగుతారు, అబద్ధం రాస్తే అదొక వేరే నేరం.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హులైన 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే చేతితుపాకీ పెట్టుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోవడమే మంచిది. చాలా ఇతర రాష్ట్రాల్లో అది చెల్లుతుంది. పైగా బడికి 1000 అడుగుల లోపు తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ చట్టం నుంచి, లైసెన్సు ఇచ్చిన రాష్ట్రంలో మినహాయింపు దొరుకుతుంది. ఊళ్లో కారు నడిపితే ఆ 1000 అడుగుల లోపలికి రోజూ వెళ్లాల్సిందే.

ఇక కొలతలు. గ్లాక్ 19 అయిదో తరం పొడవు 185 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌తో (పిడిలో దూర్చే తూటాల డబ్బీతో) ఎత్తు 128, మందం 34. ఖాళీ మ్యాగజైన్‌తో 670 గ్రాములు, 15 తూటాలు నింపితే దాదాపు 850. గ్లాక్ 43ఎక్స్ పొడవు 165, మందం 28, ఖాళీ మ్యాగజైన్‌తో 530 గ్రాములు, పట్టేది 10 తూటాలు. దాని ఎత్తు మాత్రం అదే 128. సిగ్ పీ365 పొడవు 147, ఎత్తు 109, మందం అంగుళం చుట్టూ, బరువు 505 గ్రాములు, ఇదీ 10 తూటాలే. ఈ మూడూ 9 మిల్లీమీటర్ల పిస్టళ్లే. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు అయిదు పడతాయి, బరువు 408 గ్రాములు.

వీటిలో కళ్లు పెట్టి చూడాల్సింది ఎత్తు. బ్యారెల్, అంటే గొట్టం, ప్యాంటు లోపలికి పోతుంది, ఎంత పొడవున్నా బయటికి కనిపించదు. చొక్కాను పొడుచుకొచ్చేది పిడి. వంగి కిందపడ్డ తాళాలు తీసుకున్నప్పుడు వీపు మీద గుడ్డ లేచేది అందువల్లే. అందుకే "43ఎక్స్ చిన్నది, బాగా దాగుతుంది" అనే మాట సగమే నిజం. పిడి ఎత్తులో అది గ్లాక్ 19కి సమానం. 6 మిల్లీమీటర్ల మందం తగ్గడం వల్ల ఒంటికి హత్తుకుంటుంది, 140 గ్రాముల బరువు తగ్గడం వల్ల సాయంత్రానికి నడుము నొప్పి పుట్టదు. దాని మేలు అక్కడుంది. పిడి పొట్టిగా ఉండటమే కావాలంటే పీ365 వైపు చూడాలి, దాని పిడి దాదాపు రెండు సెంటీమీటర్లు తక్కువ. అరచేయి పెద్దదైతే ఆ రెండు సెంటీమీటర్లే లోటవుతాయి. అప్పుడు 12 తూటాల పొడవు మ్యాగజైన్ పెట్టుకోవచ్చు, చిటికెనవేలికి చోటొస్తుంది, దాచడంలో దక్కిన లాభం కొంత పోతుంది.

మా లెక్కలో ఎండ ఊళ్లో పలుచని చొక్కా వేసుకుని, రోజంతా దుకాణం కౌంటరు దగ్గర నిలబడేవాళ్లకు 43ఎక్స్ సరైనది. పొట్టివాళ్లకు, సన్నని నడుమువాళ్లకు పీ365. ఇంటి భద్రతకూ, రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) నేర్చుకోవడానికీ, ఒంటిమీదికీ ఒకటే పిస్టల్ చాలనుకుంటే గ్లాక్ 19కి సాటి లేదు. 1988 నుంచి అమ్ముడవుతున్నది కాబట్టి విడిభాగాలు, హోల్‌స్టర్లు (పిస్టల్ పెట్టుకునే ఒరలు) ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. అయితే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో మ్యాగజైన్‌కు పది తూటాలే పరిమితి. అక్కడ గ్లాక్ 19లో అయిదు తూటాల చోటు వృథా, ఆ బరువు మోయడంలో అర్థం లేదు.

రివాల్వర్‌ను మొదటిసారి కొనేవాళ్లకు అంటగట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. స్లయిడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిస్టల్ పైభాగం) లాగే పని లేదు, జామ్ కాదు, ఆడవాళ్లకు తేలిక అంటారు. ట్రిగ్గర్ సంగతి ఎవరూ చెప్పరు. గ్లాక్ ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోల బలం చాలు, 642కి దాదాపు అయిదున్నర కిలోలు కావాలి, అదీ ప్రతి తూటాకూ. అంత లాగేసరికి గొట్టం పక్కకు ఒరుగుతుంది. 408 గ్రాముల తుపాకీ తన్నే తన్నుకు పెట్టెడు తూటాలు కాల్చకముందే అరచేయి మండుతుంది. జేబు హోల్‌స్టర్‌లో రెండో తుపాకీగా మంచిదే, ఏకైక తుపాకీగా కాదు. స్లయిడ్ లాగడమే ఇబ్బందైతే ఎడమచేత్తో స్లయిడ్‌ను పట్టి ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకు బలంగా తోయండి, చాలామందికి ఆ కిటుకే సరిపోతుంది. అప్పటికీ కాకపోతే స్మిత్ అండ్ వెసన్ వాళ్లదే 9 మిల్లీమీటర్ల షీల్డ్ ఈజెడ్ పిస్టల్ ఉంది, స్ప్రింగు మెత్తన, 8 తూటాలు.

హోల్‌స్టర్‌లో పిసినారితనం పనికిరాదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది తీసుకోండి, ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పి ఉండాలి. పిడిని ఒంటివైపు నొక్కే చిన్న రెక్క ఉన్నదైతే ఉబ్బు బాగా తగ్గుతుంది. బెల్టు ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో బిరుసుగా ఉండాలి, మెత్తటి బెల్టుకు పిస్టల్ బయటికి వాలుతుంది. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ పిస్టల్ తీయగానే మూసుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు దాని అంచు ట్రిగ్గర్‌కు తగులుతుంది. చొక్కా కొస లోపలికి పోయినా ప్రమాదం అదే. గ్లాక్‌కు చేత్తో తిప్పే సేఫ్టీ లేదు, పీ365 సేఫ్టీతోనూ దొరుకుతుంది. ఏదైనా సరే, తిరిగి పెట్టేటప్పుడు చొక్కా పైకెత్తి, కళ్లతో చూస్తూ, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి నెమ్మదిగా పెట్టండి. చుడీదార్, లెగ్గింగ్స్ వేసుకునేవాళ్లకు బెల్టు ఉండదు కాబట్టి, ట్రిగ్గర్ మీద గట్టి కవచం ఉన్న నడికట్టు పట్టీ వాడాలి. హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు, పసిపిల్లల చేతులు మొదట వెళ్లేది అందులోకే. ఒంటిమీద లేనప్పుడు దాని చోటు తాళమున్న పెట్టెలో.

కొన్నాక నడుముకు కట్టే ముందు పరీక్షించాలి. మొన బరువు 115 గ్రెయిన్లుండే మామూలు తూటాలు 200, రోజూ పెట్టుకోబోయే హాలో పాయింట్లు (మొనలో గుంట ఉండే తూటాలు) 50 ఆగకుండా పేలాలి. ఖాళీ గుల్ల బయటికి రాకుండా ఇరుక్కుంటే వెంటనే పిస్టల్‌ను తప్పుపట్టకండి. మణికట్టు వదులుగా ఉంటే స్లయిడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, తేలిక పిస్టళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆఖరి తూటా తర్వాత స్లయిడ్ వెనక్కి నిలవకపోతే బొటనవేలు స్లయిడ్ స్టాప్ (స్లయిడ్‌ను వెనక్కి ఆపి ఉంచే మీట) మీద ఆని ఉందేమో చూడండి. ఇంకొకరు గట్టిగా పట్టి కాల్చినా అదే జరిగితే మ్యాగజైన్ మార్చి చూడండి, అప్పటికీ ఆగితేనే కంపెనీకి పంపండి. పీ365 కొత్త మ్యాగజైన్‌లో పదో తూటా మొండికేస్తుంది, వారం రోజులు నిండుగా ఉంచితే స్ప్రింగు దారికొస్తుంది.

రోజూ రాత్రి తూటా తీసి పొద్దున్నే అదే తూటా చాంబర్‌లో (తూటా పేలే అరలో) పెట్టే అలవాటుంటే మానుకోండి. ప్రతిసారీ మొన చాంబర్ ముందున్న వాలుకు (ర్యాంపుకు) తగిలి గుల్ల లోపలికి కొద్దికొద్దిగా దిగుతుంది, పేలినప్పుడు లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పక్కనున్న కొత్త తూటాతో పోల్చి, పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చకుండా పక్కన పెట్టి, రేంజ్‌వాళ్లకు అప్పగించండి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ఆ పనికే వాడండి. అదే బ్యాగులో బట్టలు సర్దుకుని హైదరాబాద్ విమానం ఎక్కితే, మూల అరలో మరిచిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో కనపడినా ఆయుధాల చట్టం కింద కేసవుతుంది.