అడవి పల్లెల మనుషుల గురించి చదవాలంటే ‘ది బర్నింగ్ ఫారెస్ట్’ మేలా, ‘నైట్‌మార్చ్’ మేలా?

2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు చనిపోయాక, మన పేపర్లూ టీవీ చానెళ్లూ శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు పరుగెత్తాయి. ఆయన ఎక్కడ చదివాడు, ఎప్పుడు ఇల్లు వదిలాడు, ఊళ్లోవాళ్లు ఏమంటున్నారు అన్నీ వచ్చాయి. తెలుగువాళ్లకు ఈ యుద్ధం మొదటి నుంచీ ఇలాగే తెలుసు. నాయకుల పేర్లు తెలుసు, పోలీసు ఆఫీసర్ల పేర్లు తెలుసు, ఎన్‌కౌంటర్ల తేదీలు తెలుసు. అదే అడవిలో తునికాకు కోసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ, పగలు పోలీసులకూ రాత్రి అన్నలకూ జవాబు చెప్పుకుంటూ నలభై ఏళ్లు బతికినవాళ్ల పేర్లు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

ఆ మనుషుల కోసమే చదవాలనుకునేవాళ్లకు ఇంగ్లిష్‌లో రెండు మంచి పుస్తకాలున్నాయి. నందినీ సుందర్ రాసిన ‘ది బర్నింగ్ ఫారెస్ట్’ 2016లో వచ్చింది. ఇది దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ గురించి. ఆల్పా షా రాసిన ‘నైట్‌మార్చ్’ 2018లో వచ్చింది. ఇది జార్ఖండ్ గురించి. రాహుల్ పండిత ‘హలో, బస్తర్’ కూడా చాలామంది చదివారు. కానీ అది ముఖ్యంగా పార్టీ చరిత్ర. నక్సలైట్ కార్యకర్త పెద్ది శంకర్ మరణంతో, అంటే మన గోదావరి తీరం నుంచే, మొదలవుతుంది. తెలుగు పాఠకుడికి దారి తెలిసిన పుస్తకమే కాబట్టి ఈ పోలికలోకి దాన్ని తీసుకురావడం లేదు.

రెండు పుస్తకాలు రాసినవాళ్లకూ పోలికలున్నాయి. ఇద్దరూ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే పరిశోధకులు. ఇద్దరూ ఆదివాసీల మధ్య ఏళ్ల తరబడి తిరిగారు. ఇద్దరికీ ఆ ప్రాంతాలతో పరిచయం తుపాకుల వార్తలతో మొదలైంది కాదు. నందినీ సుందర్ 1990ల్లోనే బస్తర్ చరిత్ర మీద పరిశోధన చేసి పుస్తకం రాశారు. ఆల్పా షా కూడా ఈ పుస్తకానికి చాలా ముందు నుంచే జార్ఖండ్ పల్లెల్లో పనిచేశారు. ఇక్కడితో పోలికలు అయిపోతాయి. ఇద్దరూ అడిగిన ప్రశ్నలు వేరు. ఊరికి ఏం జరిగింది అన్నది నందినీ సుందర్ ప్రశ్న. ఊరి పిల్లవాడు అడవిలోకి ఎందుకు వెళ్తాడు అన్నది ఆల్పా షా ప్రశ్న.

‘ది బర్నింగ్ ఫారెస్ట్’కి గుండెకాయ 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వా జుడుం. ప్రభుత్వం దాన్ని జనం తమంతట తామే లేచి నడిపిన శాంతి ఉద్యమం అని చెప్పింది. ఊరూరూ తిరిగి చూస్తే ఏం కనబడిందో ఈ పుస్తకం చెబుతుంది. జుడుం మీటింగ్‌కి రావాలని కబురు వస్తుంది. రాని ఊరి మీదికి బలగాలతో కలిసి ఊరేగింపు వెళ్తుంది. ఇళ్లు కాలతాయి, ధాన్యం కాలుతుంది, కోళ్లూ మేకలూ పోతాయి. జనం కొంతమంది దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా లాంటి రోడ్డు పక్క క్యాంపుల్లోకి వెళ్తారు. మిగిలినవాళ్లు అడవిలో దాక్కుంటారు, లేదా గోదావరి వైపు దిగి మన ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చేస్తారు. మిరపకాయలు కోయడానికి కూలికి వచ్చే దారి వాళ్లకు అప్పటికే తెలుసు. ఆ దారినే ఈసారి పిల్లాపాపలతో, తిరిగి వెళ్తామన్న నమ్మకం లేకుండా వచ్చారు.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించినవి ఎస్పీఓల (స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల) గురించిన పేజీలు. సుప్రీంకోర్టుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం 2011 నాటికి దాదాపు 6,500 మంది ఎస్పీఓలున్నారు. నెలకు 3,000 రూపాయలు. చదువు ఐదో తరగతి ఉంటే మంచిది. అంటే తుపాకీ ఇచ్చి ముందు నిలబెట్టింది కూడా అదే పల్లెల కుర్రాళ్లనే. నిన్నటిదాకా ఊళ్లోని మావోయిస్టు సంఘంలో ఉన్నవాడు ఇవాళ ఎస్పీఓ అవుతాడు. రేపు తన ఊరి మీదికే వెళ్తాడు. వాణ్ణి రచయిత్రి రాక్షసుణ్ణి చేయరు, వాడు చేసిన పనిని దాచనూ దాచరు. ఇలా రాయడం చాలా కష్టం.

మావోయిస్టులు చేసిన హత్యల్ని కూడా ఆమె వదిలేయలేదు. 2006 జులైలో ఎర్రబోరు క్యాంపు మీద వాళ్లు దాడి చేసినప్పుడు 30 మందికి పైగా చనిపోయారు. ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో చంపేసిన మనుషుల సంగతీ ఉంది. కానీ రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన ప్రభుత్వాన్ని ఎక్కువ గట్టిగా ప్రశ్నించాలన్నది ఆమె పక్షం. ఆ పక్షాన్ని దాచుకోరు. దాచుకోవడం కుదరదు కూడా, ఎందుకంటే జుడుం మీద కేసు వేసినవాళ్లలో ఆమె ఒకరు. 2007లో చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మలతో కలిసి ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 జులై 5న తీర్పు వచ్చింది. ఆదివాసీ కుర్రాళ్లను ఎస్పీఓలుగా పెట్టి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన ఆ ధర్మాసనంలో ఒకరు తెలంగాణవారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తీర్పు వచ్చిన కొద్ది నెలల్లోనే రాష్ట్రం కొత్త చట్టం చేసి ఆ ఎస్పీఓలనే సహాయక సాయుధ దళంలోకి తీసుకుంది. గెలిచిన తర్వాత కూడా ఊళ్లో పరిస్థితి ఎందుకు మారలేదో పుస్తకం చివరి భాగంలో ఉంది. కోర్టులు, మానవ హక్కుల కమిషన్, పార్టీలు, మీడియా ఒక్కొక్కటీ ఎక్కడ జారిపోయిందో చదువుతుంటే కోపం వస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. ఊళ్ల పేర్లు, తేదీలు, సంఘటనలు గుట్టలుగా వచ్చి పడతాయి. ఒక మనిషి ఒక పేజీలో కనబడి మనసులో నాటుకునే లోపే మాయమవుతాడు. అంత పెద్ద విధ్వంసాన్ని నమోదు చేయాలనుకున్నప్పుడు అది తప్పదేమో. కానీ పాఠకుడు అలసిపోతాడు. నేను చాలాచోట్ల ఆగి, మ్యాప్ చూసుకుని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

‘నైట్‌మార్చ్’లో ఆ ఇబ్బంది లేదు. 2010లో ఆల్పా షా మగవేషంలో, గెరిల్లాల యూనిఫాం వేసుకుని, బిహార్ నుంచి జార్ఖండ్‌కు ఏడు రాత్రులు నడిచారు. దాదాపు 250 కిలోమీటర్లు. ఆ నడకే పుస్తకానికి దారం. మధ్య మధ్యలో, అంతకుముందు ఏడాదిన్నర పాటు ఆదివాసీ పల్లెలో ఉన్న రోజుల్లోకి కథ వెళ్లి వస్తుంది. మనుషులు గుర్తుండిపోతారు. కోహ్లీ అనే పదహారేళ్ల ఆదివాసీ కుర్రాడున్నాడు. వాడు దళంలో చేరింది దోపిడీ గురించి చదివి కాదు, టీ కొట్టు దగ్గర పాలు ఒలికిపోయిన చిన్న సంగతి మీద నాన్నతో గొడవపడి. ఆ చుట్టుపక్కల పిల్లలు మేనమామ ఇంటికి వెళ్లివచ్చినట్టు దళంలోకి వెళ్లి వస్తుంటారని రచయిత్రి అంటారు. భయపెట్టి లాక్కెళ్లారన్న పోలీసుల మాటకూ, చైతన్యంతో కదిలారన్న పార్టీ మాటకూ మధ్య ఇంత పెద్ద జీవితం ఉందని ఆ ఒక్క వాక్యం వల్ల అర్థమైంది. కులం పేరు పెట్టి చిన్నచూపు చూడకుండా పక్కన కూర్చుని మాట్లాడినవాళ్ల మీద పుట్టే మమకారం, ఊళ్లో ఉన్న బంధుత్వం, ఇవే వాళ్లను కలిపిన తాళ్లు.

సోమ్‌వారీ అనే ఆమె గురించి రాసిన పేజీల కోసమైనా ఈ పుస్తకం చదవాలి. ఆదివాసీ ఇళ్లలో ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా పనిచేస్తారు, సమానంగా ఇప్పసారా తాగుతారు, నచ్చకపోతే తెగేసి చెబుతారు. బయటి నుంచి వచ్చిన అగ్రకుల నాయకులు తాగుడు మానిపించి ‘సంస్కరించే’ పనిలో, వాళ్లకు అప్పటికే ఉన్న ఆ సమానత్వానికి ఎలా గండి కొట్టారో ఆల్పా షా చూపిస్తారు. ఉద్యమం మీద సానుభూతి ఉన్న రచయిత్రే ఈ మాట రాయడం వల్ల దానికి బరువు వచ్చింది. కాంట్రాక్టర్ల దగ్గర వసూలు చేసిన డబ్బు చేతుల్లో తిరిగేకొద్దీ లోపల ఏం పుచ్చిపోతుందో వికాస్ అనే ప్లటూన్ కమాండర్ కథలో ఉంది.

అయినా ‘నైట్‌మార్చ్’లో నాకు ఒక అసంతృప్తి మిగిలింది. నడక కథ కాబట్టి గెరిల్లాలే ముందు నడుస్తారు. జ్ఞాన్‌జీ అనే నాయకుడి సంశయాలకు దొరికినంత చోటు సోమ్‌వారీకి దొరకలేదు. ఇంకొకటి, ఆల్పా షా ఉన్న ప్రాంతంలో ఆ రోజుల్లో బస్తర్ స్థాయి విధ్వంసం లేదు. ఇల్లు మూడోసారి కాలిపోయినవాడు నాలుగోసారి ఎందుకు కట్టుకుంటాడు అన్న ప్రశ్నకు ఈ పుస్తకంలో జవాబు దొరకదు. దానికి మళ్లీ నందినీ సుందర్ దగ్గరికే వెళ్లాలి.

చదివించే గుణం చూస్తే ‘నైట్‌మార్చ్’ చాలా ముందుంది. రాజకీయ రచనలకిచ్చే ఆర్వెల్ బహుమతి 2019 తుది జాబితాలోకి అది ఊరికే చేరలేదు. కానీ తెలుగువాళ్లు ఒక్కటే చదువుతామంటే నా ఓటు ‘ది బర్నింగ్ ఫారెస్ట్’కే. కారణం సాహిత్య విలువ కాదు. ఆ పుస్తకంలో ఊళ్లు వదిలి పరుగెత్తినవాళ్లు ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోనూ చింతూరు వైపూ మన పక్కనే ఉన్నారు. మన పేపర్లలో వాళ్లు ‘గొత్తికోయలు’. పోడు కొట్టుకున్నారని అటవీ శాఖతో గొడవలు, గుడిసెలు పీకేయడాలు, ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరక్క పిల్లల చదువుకు చిక్కులు, ఇవన్నీ చిన్న వార్తలుగా చూసి పేజీ తిప్పేస్తాం. వాళ్లు అడవిని ఆక్రమించడానికి వచ్చినవాళ్లని అనేవాళ్లు ఈ పుస్తకంలో 2005, 2006 సంవత్సరాల గురించిన అధ్యాయాలు ఒక్కసారి చదవాలి. వాళ్లు ఎక్కడి నుంచి, ఏం వదిలేసి వచ్చారో తెలియకుండా పోడు గురించి తీర్పు చెప్పడం అన్యాయం.

ఇంగ్లిష్ నాన్‌ఫిక్షన్ అలవాటు లేనివాళ్లు, కాలేజీ పిల్లలు మాత్రం ‘నైట్‌మార్చ్’తో మొదలుపెట్టండి. నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ‘ది బర్నింగ్ ఫారెస్ట్’ను మొదటి పేజీ నుంచి వరుసగా చదవక్కర్లేదు. జుడుం అధ్యాయాలు ముందు చదివి, తర్వాత కోర్టు కేసు భాగానికి వెళ్లి, అడవి, భూమి, గనుల నేపథ్యం ఉన్న మొదటి భాగాన్ని చివర చదివితే తేలిగ్గా ఉంటుంది. పక్కన దక్షిణ ఛత్తీస్‌గఢ్ మ్యాప్ ఒకటి పెట్టుకోండి. శబరి నది ఎక్కడుందో, కొంటా నుంచి భద్రాచలం ఎంత దగ్గరో కనబడుతూ ఉంటే సగం పుస్తకం దానంతటదే అర్థమవుతుంది.