చెన్నైలో చిన్న కాటమరాన్: ఇంటి దగ్గరా, ఒడ్డు పక్కనా, హార్బర్‌లోనా? ఎక్కడ ఉంచితే మేలు?

పాత హోబీ 16 (రెండు హల్‌లను, అంటే సన్నటి పడవ దేహాలను, అడ్డకడ్డీలతో పక్కపక్కన కలిపిన చిన్న తెరచాప కాటమరాన్) ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలియగానే మనవాళ్ళు మొదట అడిగేది ధర. తర్వాత తెరచాపలు ఎంత పాతవని. పడవను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న డబ్బు కట్టేశాకే గుర్తొస్తుంది. నన్నడిగితే అదే మొదటి ప్రశ్న. ట్రైలర్ కావాలా వద్దా, ఇసుక మీద ఏ చక్రాలు వాడాలి, తెరచాపలు ఎక్కడ దాచాలి, ఇవన్నీ దాని జవాబును బట్టే తేలతాయి.

ముందు కొలతలు చూద్దాం. హోబీ 16 పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు సుమారు 145 కిలోలు. తెరచాప కట్టే నిలువు స్తంభం, అంటే మాస్ట్, ఎనిమిది మీటర్ల పైనే ఉంటుంది. కాలిఫోర్నియాకు చెందిన హోబీ ఆల్టర్ దీన్ని ఇసుక మీద నుంచి నేరుగా అలల్లోకి తోసుకుపోయేలా రూపొందించారు. అందుకే అడుగున నీళ్ళలోకి దిగే పలక (సెంటర్‌బోర్డు) ఉండదు, చుక్కానులు నేలకు తగిలితే పైకి లేచిపోతాయి. దీనికి జెట్టీ అక్కర్లేదు, క్రేన్ అక్కర్లేదు. కావలసిందల్లా ఒడ్డు, ఇద్దరు ముగ్గురు మనుషులు, సరైన చక్రాలు.

ఇంటి దగ్గర ఉంచి, వెళ్ళాలనుకున్న రోజు ట్రైలర్ మీద తీసుకెళ్ళడం చాలామందికి నచ్చే ఆలోచన. పడవ కళ్ళ ముందే ఉంటుంది, ఉప్పుగాలికి దూరంగా ఉంటుంది, ఒకవారం కోవళం, ఇంకోవారం మహాబలిపురం అన్నట్టు ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. సొంత ఇల్లు, వెడల్పాటి గేటు ఉన్నవాళ్ళకు ఇది నిజంగా మంచి పద్ధతే. అపార్ట్‌మెంట్ వాళ్ళకు మాత్రం మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. ఒక కారు స్లాట్ మామూలుగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటుంది. పడవ ఒక్కటే ఆ జాగా మొత్తం తినేస్తుంది. ట్రైలర్ ముందు కడ్డీ, వెనక్కి చాచుకున్న మాస్ట్ డ్రైవ్‌వేలోకి వస్తాయి. అసోసియేషన్ మీటింగ్‌లో ఏం మాట వస్తుందో మీకే తెలుసు.

ఇక కాగితాల పని. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, వెనక నంబరు ప్లేటు, లైట్లు ఉండాలి. గిండీలోనో అంబత్తూరులోనో ఫ్యాబ్రికేషన్ షాపులో చక్కటి ట్రైలర్ వెల్డింగ్ చేసిస్తారు, పని కూడా బాగుంటుంది. కానీ దాన్ని రోడ్డు మీదికి తేవాలంటే రిజిస్టర్ అవుతుందా అన్నది ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోవాలి. ఇనుము కొన్నాక కనుక్కోవడం కాదు. వెడల్పు విషయంలో భయం లేదు. రోడ్డు మీద వాహనానికి గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు, పడవ అందులో పడుతుంది. అసలు ఇబ్బంది మాస్ట్‌తోనే. పడవ కంటే అది మూడు మీటర్లు పొడవు. ముందు స్టాండ్ మీద పెట్టి కొంత కారు పైకి, కొంత వెనక్కి వచ్చేలా సర్దాలి. ఈసీఆర్‌లో (చెన్నై నుంచి తీరం వెంట దక్షిణానికి వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) రాత్రిపూట వెనక వచ్చే బైకు మనిషికి ఆ మాస్ట్ కొన కనపడదు. ఎర్రగుడ్డ ఒక్కటీ చాలదు, కొనకు లైటు కట్టండి. పగటిపూటే ప్రయాణం పెట్టుకుంటే ఇంకా మంచిది.

ట్రైలర్ కొనాలనే నిర్ణయిస్తే రంగు వేసిన ఇనుము కాకుండా గాల్వనైజ్ చేసినదే తీసుకోండి. మన తీరంలో రంగు కింద తుప్పు మొదలైతే బయటికి తెలిసేలోపు వెల్డింగ్ జాయింట్లు తినేస్తుంది. చక్రాలను సముద్రంలోకి దింపకండి. రోడ్డు మీద పరుగెత్తి వేడెక్కిన హబ్‌ను ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని ఉప్పునీళ్ళను బేరింగ్‌లోకి లాగేసుకుంటుంది. రాచెట్ పట్టీలను హల్ మీదుగా కాకుండా అడ్డకడ్డీల మీదుగా బిగించండి. హల్ మీద గట్టిగా బిగిస్తే ఫైబర్ నలుగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా తీరని కష్టం ఒకటుంది. ఒడ్డుకు చేరాక ప్రతిసారీ మాస్ట్ ఎత్తాలి, వైర్లు బిగించాలి, హల్‌ల మధ్య బిగించే గుడ్డ, అంటే ట్రాంపొలిన్, తాళ్ళు సరిచూడాలి, తిరిగొచ్చాక మళ్ళీ అంతా విప్పాలి. అలవాటైన ఇద్దరికైనా అటు గంట, ఇటు గంట. అసలు భయపడాల్సింది మాస్ట్ ఎత్తే ఘడియ గురించే. అల్యూమినియం మాస్ట్ కరెంటు తీగకు తగిలితే ప్రాణం పోతుంది. అమెరికాలో అలాంటి ప్రమాదాలు జరిగాకే హోబీ మాస్ట్‌ల పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టారు. అయినా కింది భాగం లోహమే. ఈసీఆర్ నుంచి బీచ్‌కు దిగే సందుల్లో తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎత్తిన మాస్ట్‌తో పడవను కదిలించేటప్పుడు ఒక మనిషి పని కేవలం తల పైకెత్తి చూడటమే అయి ఉండాలి. తాడు పట్టుకునే పని ఆ మనిషికి ఇవ్వకండి.

రెండో దారి, ఒడ్డుకు దగ్గరలో ఒక కాంపౌండ్‌లో మాస్ట్ ఎత్తే ఉంచడం. నీలాంకరై నుంచి కోవళం దాకా ఈసీఆర్‌కు సముద్రం వైపు తోటలు, రిసార్టులు, సర్ఫ్ స్కూళ్ళు, మధ్యలో కుప్పాలు (జాలర్ల ఊళ్ళు) ఉన్నాయి. నెల అద్దె మీద కొంచెం ఇసుక జాగా మాట్లాడుకోవాలి. బీచ్ మీదే వదిలేయడం గురించి నేను చెప్పడం లేదు. అది మన స్థలం కాదు. పైగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చెన్నై తీరంలో గుడ్లు పెడతాయి, సరిగ్గా పోటు గీతకు పైన, మనం పడవ ఆపుదామనుకునే చోటే. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఒడ్డున చక్రాలు దొర్లించడం, బలమైన లైట్లు వేయడం మానుకోవాలి. కుప్పంలో జాగా తీసుకుంటే ఊరి పెద్దలతో ముందే మాట్లాడండి. అన్నా అని పలకరించి, వలలు ఎక్కడ ఆరబెడతారు, ఫైబర్ బోట్లు ఏ దారిన పైకి లాగుతారు అని అడిగి, ఆ దారికి అడ్డం రాకుండా నిలుపుకుంటే గాలివాన రాత్రి ముందుగా ఫోన్ వచ్చేది వాళ్ళ దగ్గరినుంచే.

ఇక్కడ సౌఖ్యం ఏమిటంటే, చేరిన పావుగంటకో ఇరవై నిమిషాలకో నీళ్ళలో ఉంటారు. ఆఫీసు మనిషికి అదే పెద్ద తేడా. పని ఎక్కువైతే ఆదివారం వెళ్ళాలన్న ఉత్సాహం చచ్చిపోతుంది, పడవ కవరు కింద పడి ఉంటుంది. తేలికైతే వెళ్తారు.

దానికి చెల్లించే మూల్యం ఎండ, ఉప్పు, గాలి. మూడింటిలో గాలిని తక్కువ అంచనా వేయకండి. 145 కిలోల పడవ, పైన మాస్ట్, మధ్యలో ట్రాంపొలిన్. మే నెల సాయంత్రం ఉరుములతో వచ్చే ఈదురుగాలి చాలు దాన్ని బోర్లా వేయడానికి. ఇసుకలో దిగేసిన మేకు పట్టు ఇవ్వదు. గోనెసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూడు అడుగుల లోతులో పాతిపెట్టాలి. ముందొకటి, వెనకొకటి, ఇరువైపులా ఒక్కొక్కటి. హల్‌లలోని నీళ్ళు పోయే రంధ్రాల బిరడాలు, అంటే డ్రెయిన్ ప్లగ్‌లు, తీసే ఉంచాలి. లోపలి గాలి ఎండకు వ్యాకోచిస్తే జాయింట్లు విడిపోయే ప్రమాదం ఉంది. హల్ కింద ఇసుక నేరుగా తగలకుండా పాత టైర్లు గానీ మెత్తటి దిమ్మెలు గానీ పెట్టండి. మీది ప్లాస్టిక్ హల్ అయితే, హోబీ వేవ్ లాంటిది, సన్నటి ఆనుడు మీద నెలలతరబడి పెడితే ఎండకు మెత్తబడి అక్కడ గుంట పడుతుంది. వెడల్పాటి ఆనుడు ఇవ్వాలి.

కడగడానికి మంచినీళ్ళ సంగతి ముందే చూసుకోండి. ఈసీఆర్ పక్కన చాలాచోట్ల బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. రెండు బబుల్‌టాప్ మంచినీళ్ళ క్యాన్లు కారులో తీసుకెళ్ళి బ్లాకులు (తాళ్ళు తిరిగే కప్పీలు), చుక్కాని బిగింపులు, మాస్ట్ అడుగు, అల్యూమినియంలోకి స్టీలు రివెట్లు దిగిన చోట్లు కడిగితే చాలు. రెండు లోహాల మధ్య ఉప్పు నిలిస్తే అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది.

హార్బర్ సంగతి క్లుప్తంగా చెప్తాను. 1911లో మొదలైన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ రెండూ చెన్నై పోర్టు లోపలే ఉన్నాయి. అలల బాధ లేదు, తోడు పడవలు ఉంటాయి, నేర్పేవాళ్ళు ఉంటారు. పిల్లలకు సెయిలింగ్ నేర్పాలన్నా, మొదటిసారి నేర్చుకోవాలన్నా అక్కడికే వెళ్ళమంటాను. అయితే పోర్టు అంటే భద్రతా ప్రాంతం, పాసులు, గేట్లు. దక్షిణాన ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) వైపు ఉండేవాళ్ళకు ఊరంతా దాటి వెళ్ళాలి. ఇసుక మీద నుంచి అలల్లోకి దూకే సంతోషం కోసం బీచ్ కాటమరాన్ కొన్నవాళ్ళకు అది తీరని కోరికగానే మిగులుతుంది.

నా తీర్పు చెప్తాను. చెన్నైలో సొంత ఇల్లు, పెద్ద జాగా లేనివాళ్ళకు జనవరి నుంచి సెప్టెంబరు దాకా ఒడ్డు పక్క కాంపౌండే మేలు. అక్టోబరు మొదట్లోనే మాస్ట్ దించి, పడవను ఊరి లోపలికి తెచ్చేయాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరంలో పెద్ద పెద్ద చెట్లను కూల్చింది. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. ఈశాన్య రుతుపవనం నడిచే మూడు నెలలు మాస్ట్ ఎత్తిన పడవ ఒడ్డున ఉండకూడదు, ఎన్ని గోనెసంచులు పాతినా. అలాంటప్పుడు ఏడాదికి రెండే ప్రయాణాలు. వాటికోసం ట్రైలర్ కొని, రిజిస్టర్ చేయించి, తుప్పు పట్టకుండా కాపాడుకోవడం కంటే 17 అడుగుల ఐషర్ లారీ అద్దెకు తీసుకోవడం మేలు. పొడవుకు పడవ అందులో పడుతుంది. లారీ బాడీ వెడల్పు చాలదు కాబట్టి హల్‌లను అడ్డకడ్డీల నుంచి విప్పి, దుప్పట్లు చుట్టి పెట్టాలి. ఎలాగూ ఏడాదికోసారి ఆ జాయింట్లు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాల్సిందే. మాస్ట్ మాత్రం లారీలో కూడా చిక్కే. దాన్ని కదిలించకుండా అదే కాంపౌండ్‌లో గోడవారన, గట్టిగా కట్టి, కప్పి ఉంచడమే సులువు.

ట్రైలర్ మీద మిగిలిన డబ్బును చక్రాలలో పెట్టండి. పడవ దింపడంలో అన్నిటికన్నా తేడా తెచ్చేది అవే. స్కూటర్ చక్రాలతో చేసిన బండి చవక, గట్టి నేల మీద బాగానే దొర్లుతుంది. చెన్నై బీచ్‌ల పైభాగంలో ఇసుక పొడిగా, లోతుగా ఉంటుంది. అక్కడ సన్నటి చక్రం దిగబడిపోతుంది, ఇద్దరు లాగాల్సిన పడవకు ఆరుగురు కావాలి. వీలీజ్ కంపెనీ చేసేవాటి లాంటి లావాటి బెలూన్ చక్రాలు ఖరీదే, దిగుమతి సుంకంతో ఇంకా ఖరీదు. కానీ ఇసుక పైపైనే దొర్లుతాయి. వాటిలో గాలి 2 నుంచి 4 పీఎస్‌ఐ మాత్రమే ఉండాలి. పెట్రోలు బంకు మిషన్‌తో కొట్టించకండి, చేతి పంపు వాడండి. మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి నీడలో పెట్టాలి. ఇరుసును పడవ సమతూకం కుదిరే చోట పెడితే ముందు భాగాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకోవచ్చు. ఫైబర్ బోట్లు లాగే ట్రాక్టరును పిలిచే ఆలోచన కొందరికి వస్తుంది. ఆ లాగుడు టన్ను బరువు పడవల కోసం. హోబీ ముందు వైరుకు ఆ బలం తగిలితే బిగింపు ఊడి వస్తుంది.

ఏ వేళకు దింపాలన్నదీ ఎంచుకోవలసిన విషయమే. పొద్దున్నే నేల వైపు నుంచి పడమటి గాలి వీస్తుంది, సముద్రం చదునుగా ఉంటుంది, దింపడం పిల్లాటలా ఉంటుంది. అదే గాలి మిమ్మల్ని ఒడ్డుకు దూరంగా తోసుకుపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక అలలు పెరుగుతాయి, దింపడం కష్టం, కానీ ఏం విరిగినా గాలే ఒడ్డుకు చేరుస్తుంది. కొత్తవాళ్ళు కష్టమైన మధ్యాహ్నాన్నే ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. ముక్కును గాలికి ఎదురుగా పెట్టి, నడుము లోతు దాకా నడిపించి, అలల వరుసలో సందు దొరికాకే ఎక్కండి. చుక్కానులు లోతు వచ్చేదాకా పైకే ఉంచండి.

సామాను విషయంలో గుడ్డతో చేసినదంతా ఇంటికి రావాలి, లోహం అక్కడ ఉండొచ్చు. డాక్రాన్ (పాలియెస్టర్ గుడ్డ) తెరచాపను పాడుచేసేది వాడకం కంటే ఎండే. ట్రైలర్ మీద బిగించే ఫైబర్ పెట్టె బాగుంటుంది కానీ ట్రైలరే లేనప్పుడు దాని అవసరం లేదు. బోరుకు వేసే కేసింగ్ పీవీసీ పైపు, పది అంగుళాలది, అన్నిటికన్నా పొడవైన బ్యాటెన్ (తెరచాపను బిగువుగా ఉంచే బద్ద) కంటే ఒక అడుగు ఎక్కువ పొడవుకు కోయించి, రెండు వైపులా మూతలు పెట్టించండి. గాలి ఆడటానికి నాలుగు రంధ్రాలు వేయించాలి, లేకపోతే బూజు పడుతుంది. తెరచాపను మడతపెట్టకుండా బ్యాటెన్ల వెంట చుట్టి, వాటి బిగింపు వదులు చేసి అందులో దూర్చేయండి. కారు పైన క్యారియర్‌కు కట్టుకుని వెళ్ళొచ్చు, ఇంట్లో మంచం కిందో బాల్కనీ గోడకో పడుంటుంది. లైఫ్ జాకెట్లు, ట్రాపీజ్ బెల్టులు (మాస్ట్ వైరుకు తగిలించుకుని పడవ బయటికి వాలడానికి నడుముకు కట్టుకునేవి) మంచినీళ్ళలో ముంచి నీడన ఆరేయండి. తీసిన డ్రెయిన్ ప్లగ్‌లను మాత్రం ఏ సంచిలోనూ వేయకండి. చుక్కానిని తిప్పే టిల్లర్ కడ్డీకి చిన్న తాడుతో కట్టేస్తే చుక్కాని పట్టుకున్న మనిషికి అవి కనపడక తప్పదు.